చుక్కకి అడ్డం వచ్చినది

పాపారావు మావయ్య కతార్ నుంచి పూర్తిగా వచ్చేసిన రోజున, వ్యానులోంచి దిగిన సామానంతటిలోకీ అందరి కళ్ళూ ఒక పొడుగాటి అట్టపెట్టె మీద పడ్డాయి. పెద్ద టీవీ అనుకున్నారు. విప్పితే లావుపాటి తెల్ల గొట్టం ఒకటి, దాని మోటారు, గుప్పిట్లో పట్టేంత కెమెరా బయటపడ్డాయి.

"లోకంలో మొగుళ్ళు గొలుసులు తెస్తారు, దుప్పట్లు తెస్తారు. మా ఆయన తూము తెచ్చేరండీ," అని అత్త పక్కింటి అచ్చాయమ్మ గారితో చెప్పింది.

"తూమైతే చేలోకి నీళ్ళన్నా పారతాయి," అందావిడ.

అది టెలిస్కోపు. మావయ్య అక్కడ గ్యాసు ఫ్యాక్టరీలో మీటర్లు చూసే పని చేసేవాడు. తనతో పనిచేసిన ఇంజినీరు ఒకాయన తన దేశం వెళ్ళిపోతూ దాన్ని మావయ్య చేతిలో పెట్టి వెళ్ళాడట. ఊళ్ళోకి వచ్చిన నెలలోపే మావయ్య డాబా మీద సిమెంటు దిమ్మ కట్టించి గొట్టాన్ని దానికి బిగించేశాడు.

మా ఇల్లూ మావయ్య ఇల్లూ ఒకే దొడ్డిలో ఉంటాయి. నేను రాజోల్లో డిగ్రీ పూర్తిచేసి, ఇంటి దగ్గర టెన్త్ పిల్లలకి లెక్కలూ సైన్సూ చెబుతుండేదాన్ని. నాకు మాట్లాడ్డం కన్నా చూస్తూ కూర్చోవడం తేలిక. మావయ్యకి అన్నీ వచ్చు, కూర్చోవడం ఒక్కటే రాదు. అందుకని ఇద్దరికీ కుదిరింది. గొట్టాన్ని తిప్పడం, వైర్లు కలపడం ఆయన పని. కంప్యూటరు ముందు కూర్చుని, చుక్క పక్కకి జరిగిపోకుండా కనిపెట్టుకుని ఉండడం నా పని.

మొదటి ఏడాది చంద్రుణ్ణీ శనినీ చూసి మురిశాం. రెండువేల ఏడు చలికాలంలో మావయ్యకి మలికిపురం నెట్ సెంటర్లో పుష్పలత గారు దొరికారు. ఆవిడ బెంగుళూరులో చుక్కల మీద పరిశోధన చేస్తారు. వేరే చుక్కల చుట్టూ తిరిగే గ్రహాలని వెతకడం ఆవిడ పని. మా దగ్గరున్న కెమెరా ఎలాంటిదో మావయ్య రాస్తే, "అయితే మీరు నాకు పనికొస్తారు" అని తిరుగు మెయిలు వచ్చింది.

ఆవిడ చెప్పిన పని ఇది. మామిడికుదురు వైపు గ్యాసు బావుల దగ్గర ఎప్పుడూ మండే మంట మా డాబా మీదికి ఎర్రగా కనిపిస్తుంది. దాని ముందు నుంచి ఒక కొంగ ఎగిరితే ఇంత దూరానికి కొంగ కనపడదు. కానీ మంట వెలుగు రవ్వంత తగ్గి మళ్ళీ మామూలవుతుంది. ఆ తగ్గడాన్ని కొలవగలిగితే, కొంగని చూడకుండానే కొంగ ఉందని చెప్పొచ్చు. చుక్క ముందు నుంచి గ్రహం వెళ్ళినా అంతే. ఎంత తగ్గిందో చూస్తే గ్రహం ఎంత పెద్దదో కూడా తెలుస్తుంది.

మృగశిర దగ్గర ఒక చిన్న చుక్క ఉంది. ఉత్త కంటికి ఆనదు. ఎక్కడో పెద్ద కెమెరాలు ఆకాశమంతా ఫోటోలు తీస్తుంటే, దాని వెలుగు అప్పుడప్పుడు తగ్గుతున్నట్టు తేలింది. గ్రహమని పుష్పలత గారి నమ్మకం. కాదని ఆవిడ తోటివాళ్ళ వాదన. ఎందుకంటే ఆ చుక్క పసిది. పదహారేళ్ళ మొహాల మీద మొటిమలున్నట్టు పసి చుక్కల మీద నల్లమచ్చలుంటాయి. చుక్క గిర్రున తిరుగుతుంటే మచ్చలు ఇటు వచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది. అంతమాత్రానికి గ్రహం అంటే ఎలా అని వాళ్ళు అంటున్నారు.

పెద్ద టెలిస్కోపుతో ఆ గ్రహాన్ని తూచాలని ఆవిడ కోరిక. దాని మీద సమయం ఇమ్మని అడగాలంటే ఒక్కటైనా పూర్తి తగ్గుదల చేతిలో ఉండాలి. వెలుగు దిగడం, కాసేపు అడుగున నిలవడం, మళ్ళీ ఎక్కడం, మూడూ కనపడాలి. మచ్చలైతే రోజుల తరబడి మెల్లగా దిగుతాయి, గ్రహమైతే ఒక్క సాయంత్రంలో దిగి ఎక్కేస్తుంది. ఆ తగ్గుదల మన దేశంలో చీకటి వేళకి పడడం అరుదు. పడినప్పుడు చూడమని మాకు రాశారు.

ఫిబ్రవరి ఆఖర్న మొదటి సాయంత్రం వచ్చింది. భోజనాలు చేసి డాబా ఎక్కాం. కంప్యూటర్లో చుక్క వెలుగుని చూపించే గీత చాలాసేపు బల్లపరుపుగా ఉంది. చుక్క పడమటికి వాలాక గీత మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

"దిగుతోందే నాగదుర్గా! దిగుతోంది!" అని మావయ్య డాబా అదిరేట్టు గెంతాడు. గొట్టం కూడా అదిరింది.

"మెల్లగా మావయ్యా."

"మెల్లగా ఏంటే, సాధించేం!"

గీత ఇంకా దిగింది. తర్వాత చుక్క చెట్ల వెనక్కి పోయింది. ఎక్కడం చూడలేదు. అయినా మావయ్య పొద్దున్నే మోపెడ్ వేసుకుని మలికిపురం వెళ్ళి, దిగింది దిగినట్టు పంపించేశాడు. పుష్పలత గారు ఎంత సంతోషించారో ఆవిడ జవాబు చూస్తేనే తెలిసింది. పెద్ద టెలిస్కోపు వాళ్ళకి పెట్టే అర్జీలో మా గీతని కూడా చేర్చబోతున్నానని రాశారు.

నాకు మాత్రం ఆ గీత దిగిన తీరు నచ్చలేదు. అడుగు లేకుండా జారుతూనే పోయింది. చుక్క వెలుగుని ఎప్పుడూ ఒంటరిగా కొలవకూడదు. మంచు పట్టినా, పొగ వచ్చినా చుక్కలన్నీ కలిసి మసకబారతాయి, అందుకని పక్కనున్న చుక్కలతో పోల్చి చూడాలి. మావయ్య తొందర కొద్దీ ఫోటో అంచునున్న ఒక్క చుక్కతోనే పోల్చాడు. పిల్లలు ట్యూషన్ నుంచి వెళ్ళాక నేను కూర్చుని మిగతా చుక్కల్ని కూడా ఒక్కొక్కటిగా కొలిచాను. మన చుక్కకి ఎడమ పక్కనున్నవి ముందే తగ్గాయి. తర్వాత మనది తగ్గింది. దాని తర్వాత కుడివైపువి ఒకదాని వెనక ఒకటి తగ్గాయి. గ్రహానికి అన్ని చుక్కలతో పనేముంటుంది? ఏదో మా గొట్టం ముందుకే అడ్డం వచ్చింది.

ఆ సాయంత్రం వెలుతురుండగానే డాబా ఎక్కి, చుక్క వాలే దారి వెంట గొట్టాన్ని తిప్పి, దగ్గర వస్తువు కనపడేలా సరిచేసి చూశాను. కొబ్బరి మట్ట. అచ్చాయమ్మ గారి చెట్టుది. అది వాళ్ళ గోడవతల పుట్టి మా దొడ్డి మీదికి ఒంగిన చెట్టు. ఆ మట్ట చివరి ఆకులు గాలికి సన్నగా ఊగుతున్నాయి. అంత దగ్గరి వస్తువు ఫోటోలో ఆకారం లేకుండా కరిగిపోతుంది, వెలుగుని మాత్రం తినేస్తుంది.

మావయ్యకి చూపించాను. గొట్టంలో కన్ను పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"కొబ్బరి మట్టంటావా?"

"ఆయ్."

"ఇప్పుడెలాగే? ఆవిడ అందరికీ చెప్పేసి ఉంటారు."

"చెప్పకముందే మనం చెప్పేద్దాం."

మెయిలు నేనే రాశాను. మావయ్య పక్కన నిలబడి గోడకేసి చూశాడు. మర్నాడు జవాబు వచ్చింది. "మేఘాన్ని గ్రహం అనుకున్నవాళ్ళున్నారు, విమానాన్ని అనుకున్నవాళ్ళున్నారు. కొబ్బరి మట్టని అనుకున్నవాళ్ళు మీరే మొదలు. అర్జీలోంచి ఆ గీత తీసేశాను, ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు. మార్చి చివర్లో ఒక్క సాయంత్రం ఉంది. ఆ తర్వాత చుక్క సూర్యుడి వైపు వెళ్ళిపోతుంది, మళ్ళీ శ్రావణం దాకా రాదు. అర్జీ గడువు అంతకు ముందే అయిపోతుంది. చూస్తామన్న ఇంకో ఊరి వాళ్ళ కెమెరా చెడిపోయింది. ఇక మీరే ఉన్నారు. ఈసారి వచ్చేది ఏదైనా సరే, పూర్తిగా కావాలి."

మెయిలు రెండుసార్లు చదివాం. తిరిగొస్తూ మావయ్య దార్లో మోపెడ్ ఆపి, "ఆ మట్ట తీయించెయ్యాలి," అన్నాడు.

దిమ్మ కదిపితే గొట్టం చుక్కల వెంట తిరిగేలా మళ్ళీ ఉత్తరానికి సరిగ్గా కుదరడానికి వారాలు పడుతుంది. కదిపినా ఎక్కడికని? కోనసీమలో కొబ్బరి చెట్టు లేని పడమర ఎవరి దొడ్లోనూ ఉండదు. రొయ్యల చెరువుల గట్టు మీద ఆకాశం ఉంది కానీ కరెంటు లేదు. మావయ్య అచ్చాయమ్మ గారింటికి వెళ్ళాడు. నేను గోడ ఇవతల నిలబడ్డాను.

"పచ్చి మట్ట కొట్టించాలా? పాపారావూ, నీకు మతి ఉండే మాట్టాడుతున్నావా?"

"ఒక్క మట్టండీ, అచ్చాయమ్మ గారూ."

"మట్ట కింద గెల ఉంది. మట్ట తీస్తే గెల దేని మీద ఆనుద్ది, నీ తూము మీదా?"

"మీకు అర్థం కావట్లేదండీ. ప్రపంచంలో ఇంకెవరూ చూడ్డం లేదు. మనమొక్కళ్ళమే..."

"ప్రపంచంలో చూసేవాళ్ళు లేకపోతే నా చెట్టు చేసిన పాపమేంటి? ఆ చెట్టు మీ దొడ్లోకి ఒంగిన రోజునే మీ నాన్నతో చెప్పేను. కాయ నాది, నీడ మీది. ఆ నీడ ఇప్పుడు చుక్కల మీద పడిందని నా మీదకొస్తే ఎలాగ?"

మావయ్య తిరిగొచ్చి చేతులు కడుక్కున్నాడు. ఎందుకు కడుక్కున్నాడో ఆయనకీ తెలీదు.

మా వైపు వేరేవాళ్ళ చెట్టెక్కడం గానీ, దింపు రోజు కాని రోజున చెట్టు మీదికి మనిషిని ఎక్కించడం గానీ మర్యాద కాదు. దింపంటే రెండు నెలలకోసారి కాయ కోయించడం. అచ్చాయమ్మ గారి దింపు ఉగాది దాటాక గానీ లేదు. నేను మూడు నాలుగు రోజులు గొట్టంలోంచి ఆ మట్టనే చూస్తూ గడిపాను. అది మిగతా మట్టలకన్నా కిందికి వాలి ఉండడం చూసి, దాని మొదలు దగ్గరికి గొట్టం తిప్పాను. తిప్పిన వెంటనే కిందికి దిగి గోడ దగ్గరికి వెళ్ళాను.

"మామ్మగారూ, ఒకసారి మా డాబా మీదికొస్తారా? మీ చెట్టు చూపిస్తాను."

"నా చెట్టు నేను రోజూ చూసేదేగా."

"ఇంత దగ్గర్నించి చూసుండరండీ."

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. గొట్టంలో కన్ను పెట్టగానే వెనక్కి జరిగారు.

"ఇదేంటే, తలకిందులుగా ఉంది!"

"అలాగే కనపడుద్దండి. మట్ట మొదలు చూడండి. చీలింది."

మళ్ళీ వంగి చూశారు. ఈసారి తల తియ్యలేదు. మొన్నటి గాలివానకి కాబోలు, మట్ట మొదట్లో నిలువునా నెర్రె విచ్చింది. దాని మీద ఆనుకున్న గెల బరువుకి ఆ నెర్రె తెరుచుకుంటోంది. కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు.

"ఓరి దీని దుంప తెగ! దింపు దాకా ఆగితే గెలంతా నేల మీదుంటుంది. లేత కాయలే అన్నీ." ఆవిడ నడుం నిమురుకుంటూ లేచి నా వైపు చూశారు. "మీ మావయ్య కొట్టించెయ్యమన్నాడు. నువ్వేమంటావు?"

"గెలని పైమట్టకి తాడేసి కడతారు కదండీ. మట్టని కూడా కలిపి పైకెత్తి కట్టేస్తే మీ కాయ నిలబడుద్ది, నా చుక్క కనపడుద్ది."

"నీ చుక్కా!" అని నవ్వారు. "సరే, దేవదానాన్ని రమ్మని కబురెట్టు. దింపు కాకపోయినా నేనే ఎక్కమన్నానని చెప్పు, లేకపోతే రాడు."

దేవదానం మా వీధిలో అందరికీ దింపు తీసే మనిషి. మర్నాడు పొద్దున్నే వచ్చి, కాళ్ళకి బంధం వేసుకుని, తాడు భుజాన చుట్టుకున్నాడు.

"కాయ కోసం ఎక్కేనండి, కల్లు కోసం ఎక్కేవాళ్ళని చూసేనండి. చుక్క కోసం ఎక్కడం ఇదేనండి మొదలు," అన్నాడు మావయ్యతో.

"నువ్వు ఎక్కవయ్యా బాబూ, మళ్ళీ ఎండెక్కిపోద్ది."

"చుక్కలు ఎండలో కనపడతాయేంటండి?"

"పైకెళ్ళు!"

నేను డాబా మీద గొట్టంలో కన్ను పెట్టి, మోటారుని చుక్క నడిచే దారి వెంట మెల్లగా నడిపిస్తూ, మట్ట తగిలినప్పుడల్లా చెప్పాను. "ఇంకొంచెం పైకి అన్నా. ఇంకొంచెం. ఆ చివరాకు ఒక్కటీ." చెట్టు మీంచి దేవదానం, చెట్టు కింద నుంచి అచ్చాయమ్మ గారు, డాబా మీంచి మావయ్య ముగ్గురూ ఒకేసారి అరవడంతో నా మాట ఎవరికీ వినపడలేదు. ఆఖరికి నేను చెయ్యెత్తి చూపించాను. చివరాకు గొట్టంలోంచి తప్పుకుంది. వెనకాల ఖాళీ ఆకాశం మిగిలింది.

ఆ సాయంత్రం రానే వచ్చింది. అచ్చాయమ్మ గారు వాళ్ళ వరండా బల్బు తీసేసి, తన పీట తనే తెచ్చుకుని డాబా మీద కూర్చున్నారు. అత్త జంతికల డబ్బా పట్టుకొచ్చింది. మావయ్యని గెంతకుండా మెట్ల మీద కూర్చోబెట్టాను.

చీకటి పడుతూనే కొలవడం మొదలుపెట్టాను. ఈసారి ఒక్క చుక్కతో కాదు, ఫోటోలో నాలుగు వైపులా ఉన్న చుక్కలతో పోల్చాను. కాసేపటికి మన చుక్క గీత దిగింది. మిగతావి కదల్లేదు.

"దిగిందా?" మెట్ల మీంచి మావయ్య.

"దిగింది."

"మట్టా?"

"కాదు."

గీత ఒకచోట ఆగి బల్లపరుపుగా నడిచింది. అడుగు. ఫిబ్రవరిలో లేనిది ఇదే. అచ్చాయమ్మ గారు జంతిక కొరకడం కూడా ఆపేసి తెర వైపు చూస్తున్నారు. అంతలో గీత పైకి లేచింది. కొంచెమే, కానీ లేచింది.

మావయ్య మెట్ల మీంచి వచ్చేశాడు. "లేస్తోందేంటే? అప్పుడే అయిపోయిందా? పుష్పలత గారు చెప్పిన టైములో సగం కూడా కాలేదు. తాడు జారిందా? అచ్చాయమ్మ గారూ, టార్చిలైటు..."

"టార్చి వెయ్యొద్దు మావయ్యా!" నేను అంత గట్టిగా అరవగలనని నాకూ తెలీదు. "మట్టయితే వెలుగు తగ్గిస్తుంది గానీ పెంచదు. పక్క చుక్కలు చూడు, ఒక్కటీ కదల్లేదు."

"మరి ఇదేంటి?"

"తెలీదు. చూద్దాం."

భయం వెయ్యలేదని చెప్పలేను. పుష్పలత గారికి ఇంకో సాయంత్రం లేదు. కానీ నా చేతిలో ఉన్నది కొలవడం ఒక్కటే, అది ఆపితే లేచింది ఎందుకో ఎప్పటికీ తెలియదు. ఫోటో తర్వాత ఫోటో తీస్తూ పోయాను. లేచిన గీత అక్కడే ఆగి, మళ్ళీ దిగి, ఇందాకటి అడుగులో కుదురుకుంది. చాలాసేపు అలాగే నడిచింది. ఆ తర్వాత, కట్టిన మట్ట పక్క నుంచి మృగశిర జారి దూరపు చెట్ల తలల మీదికి చేరుతుండగా, ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కి, మొదట్లో ఎక్కడుందో సరిగ్గా అక్కడికొచ్చి నిలబడింది. నిలబడ్డాక కూడా చుక్క చెట్లలోకి దిగేదాకా కొలిచాను.

"అయిపోయింది," అన్నాను.

మావయ్య గెంతలేదు. నా పక్కన నేల మీద కూర్చుని, "పొద్దున్నే పంపనా?" అని అడిగాడు.

"అన్ని చుక్కలూ ఒకసారి చూశాక పంపుదాం."

"నువ్వు చెప్పినప్పుడే," అన్నాడు.

రెండు రోజుల తర్వాత పంపాం. ఆ సాయంత్రమే జవాబొచ్చింది. నెట్ సెంటర్లో ఉన్న ఒక్క కుర్చీలో మావయ్య నన్ను కూర్చోబెట్టి తను వెనక నిలబడ్డాడు. దిగడం, అడుగు, ఎక్కడం, మూడూ ఉన్నాయని పుష్పలత గారు రాశారు. మధ్యలో లేచిన ఆ చిన్న బొడిపె ఆవిడకి అన్నిటికన్నా నచ్చింది. గ్రహం వెళుతూ వెళుతూ చుక్క మీదున్న ఒక నల్లమచ్చని కప్పింది. మామూలుగా వెలుగున్న చోటు కప్పుతుంది కాబట్టి వెలుగు తగ్గుతుంది. నల్లని చోటు కప్పితే పెద్దగా తగ్గదు, అందుకే గీత కాస్త లేచింది. మచ్చ వేరు, మచ్చ మీంచి నడిచి వెళ్ళినది వేరు అని ఇంతకన్నా ఎవరు చెప్పగలరు అని రాశారు. అర్జీ ఆ రాత్రే పంపుతున్నానన్నారు.

పెద్ద టెలిస్కోపు వాళ్ళు సమయం ఇచ్చారు. శ్రావణం దగ్గర పడుతుండగా, చుక్క తెల్లవారుజామున తూర్పున తేలిన మొదటి రోజుల్లోనే దాన్ని చూశారు. గ్రహం తన వైపు లాగుతుంటే చుక్క ఎంత ఊగుతోందో లెక్కగట్టి, గ్రహాన్ని తూచారు. నిజంగా గ్రహమే. మన గురుగ్రహం కన్నా బాగా పెద్దది, కానీ బరువు దానికన్నా తక్కువ. పుట్టి ఎంతో కాలం కాలేదు కాబట్టి ఇంకా వేడి మీద ఉబ్బి ఉందట. చల్లారే కొద్దీ చిక్కుతుందట.

ఈ కబురు చెప్పడానికి గోడ దగ్గరికి వెళ్ళేసరికి అచ్చాయమ్మ గారు ఎండుమట్టలు చీలుస్తున్నారు.

"ఎన్నేళ్ళదంటావు?"

"కోటేళ్ళ పైచిలుకండి."

"కోటేళ్ళంటే పసిదా!"

"చుక్కల లెక్కలో పసిదేనండి. అందుకే ఉబ్బినట్టుంది అంటున్నారు."

"మరి? పురిట్లో పిల్లలంతా ఉబ్బే ఉంటారు. మీ మావయ్యకయితే బుగ్గల మధ్య ముక్కు వెతుక్కోవాల్సొచ్చింది. మెల్లగా తీరు కనపడుద్దిలే." కత్తి పక్కన పెట్టి కొంగుతో మొహం తుడుచుకున్నారు. "దాన్ని మళ్ళీ చూడాలా మీరు?"

"చూడాలండి. ఈసారి తూర్పున, తెల్లారగట్ల. దాని చుట్టూ ఉన్న గాలి ఎంత చిక్కగా ఉందో, అందులో ఏముందో చూస్తారంట. మమ్మల్ని కూడా కొలవమన్నారు."

అచ్చాయమ్మ గారు మా ఇంటి మీదుగా తూర్పుకి చూశారు. అక్కడ మా నాన్న వేసిన చెట్లు వరసగా, ఆకుకి ఆకు తగులుతూ నిలబడి ఉన్నాయి.

"అటున్నవి మీవే. ఈసారి దేవదానానికి మీరే చెప్పుకోండి," అన్నారు.